గాజు పెట్టెలో ఎర్ర బూట్లు

ఒక కొండ ఊళ్లో షావుకారు దుకాణం ముందు గాజు పెట్టె ఉండేది. అందులో ఒక జత ఎర్ర బూట్లు ఉండేవి. వాటిని ఎవరూ ఎన్నడూ తొడుక్కోలేదు. అలాంటి జత లోకంలో మరొకటి లేదని, కుట్టినవాడు కూడా పోయాడని షావుకారు చెప్పేవాడు. జత మొత్తం కొనగలిగినవాళ్లు ఊళ్లో లేరు గనక దాన్ని నూరు వాటాలు చేసి, మనిషికొకటి చొప్పున అమ్మాడు. వాటా కొన్నవాళ్లకు ముద్ర వేసిన కాగితం ఇచ్చాడు.

శుక్రవారం పొద్దున్నే షావుకారు అరుగెక్కి వాటా ధర చదివేవాడు. పెరిగిందంటే జనం ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వుకునేవాళ్లు. తగ్గిందంటే పెట్టె దగ్గరకెళ్లి బూట్లను తేరిపార చూసి, వాటికేమీ కాలేదని తేల్చుకుని ఇళ్లకు పోయేవాళ్లు.

చెంగమ్మకు ఒక వాటా ఉంది. ఆమె ఊళ్లోకీ కొండ అవతలి పల్లెలకూ ఉత్తరాలు మోస్తుంది. దారంతా పలుగురాళ్లు. ఏ చెప్పులు కొన్నా నెల తిరక్కుండా తెగిపోయేవి. తెగినవాటిని చేత్తో పట్టుకుని వట్టి కాళ్లతో దిగి వచ్చేది. "ఈ బూట్లు నీవి కూడా అవుతాయి" అని షావుకారు అన్న రోజున కాళ్ల కడియాలు తీసి ఆయన చేతిలో పెట్టింది. గాజు మీద జేన పరిచి కొలుచుకుంది. తన పాదానికి సరిపోతాయి.

రెండేళ్లు ఆగింది. మూడో ఏడు తొలకరి పడ్డాక ఒక శుక్రవారం, ధర చదవడం అయ్యేదాకా నిలబడి అడిగింది.

"షావుకారు గారూ, నా వంతు ఎప్పుడొస్తుంది?"

"ఏం వంతు?"

"తొడుక్కునే వంతు."

అరుగు చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. షావుకారు నవ్వలేదు. "తొడిగితే విలువ పోతుంది చెంగమ్మా. అవి ఉండడానికే గాని తొడుక్కోడానికి కాదు."

"నావి కూడా అన్నారు కదండీ."

"నీతో పాటు ఇంకెంతో మందివి. కాగితం చదువుకో. వాటాదారులంతా ఒప్పుకుంటే పెట్టె తెరవొచ్చు. ఒక్కరు కాదన్నా కుదరదు."

ఆమెను పంపించెయ్యడానికి ఆయన ఆ మాట అన్నాడు. ఆమె దాన్ని చెయ్యవలసిన పనిగా తీసుకుంది.

ఊళ్లో ప్రతి గుమ్మమూ ఆమెకు తెలుసు. ఉత్తరం చేతికిచ్చి, పెట్టె తెరవడానికి ఒప్పుకుంటున్నామని రాయించిన కాగితం చూపించి అడిగేది. కొందరికి వాటా ఉన్న సంగతే గుర్తు లేదు. వాళ్లు వెంటనే సంతకం పెట్టారు. కొందరు నలుగురూ ఒప్పుకుంటే తామూ ఒప్పుకుంటామన్నారు. ఆ నలుగురి దగ్గరకూ వెళ్లి, సంతకాలు తెచ్చి చూపించింది. తన వాటా ఎడమ బూటు మడమేనని నమ్మిన ముసలావిడ ఒకామె, మడమ నేలకు గట్టిగా ఆనించనని మాట తీసుకున్నాకే వేలిముద్ర వేసింది. వానలు వెనకబట్టేసరికి దర్జీ మస్తాన్ ఒక్కడే మిగిలాడు.

మస్తాన్ మూడుసార్లు కాదన్నాడు. నాలుగోసారి చెంగమ్మ అతని గడప మీద కూర్చుంది.

"ఆ వాటా అమ్మి కొత్త మిషను కొనుక్కుందామనుకుంటున్నా చెల్లెమ్మా" అన్నాడు మస్తాన్, కుట్టు ఆపకుండా.

"ఎప్పుడు అమ్ముతావన్నా?"

"ఇంకాస్త పెరగనీ."

"కిందటేడూ ఇదే అన్నావు."

మిషను చక్రం నెమ్మదించింది. "నీకెందుకమ్మా ఇంత పట్టుదల? బజార్లో వేరే బూట్లు లేవా?"

"ఉన్నాయి. వాటికి నేను కడియాలివ్వలేదు." ఆమె అతని చేతిలోని గుడ్డ చూపించి అడిగింది. "నువ్వు కుట్టిన చొక్కా ఒక్కసారీ తొడక్కుండా ఎవరైనా పెట్టెలో పెట్టుకుంటే ఎట్లుంటుందన్నా?"

"ఒళ్లు మండుతుంది" అన్నాడు మస్తాన్. అనేశాక తన మాట తనకే వినిపించినట్టు తలెత్తాడు. చేతిలో గుడ్డ పక్కన పెట్టి కాగితం అందుకున్నాడు.

ఆ శుక్రవారం చెంగమ్మ కాగితం తెచ్చి అరుగు మీద పెట్టింది. షావుకారు రెండుసార్లు లెక్కపెట్టాడు.

"నూరూ ఉన్నాయి. కానీ ఇందులో నా సంతకం లేదు."

"నూరూ ఉంటే మరి మీ వాటా ఏది?" అన్నాడు మస్తాన్.

షావుకారు కాగితం మడిచాడు. "నాకు వాటా లేదు. నేను కాపలా కాసేవాణ్ణి."

జనం మొట్టమొదటిసారి బూట్ల మీంచి చూపు తిప్పి ఆయన్ని చూశారు. ఆయన మొలలోంచి తాళంచెవి తీశాడు.

చెంగమ్మ కాళ్లు కడుక్కుని కొంగుతో తుడుచుకుంది. బూట్లు తొడిగి లేసులు కట్టుకుంది. సరిగ్గా సరిపోయాయి. మూడడుగులు వేసింది. నాలుగో అడుగు పడేసరికి కుడి బూటు అడుగుభాగం పెళుసు రస్కులా విరిగి నేల మీద పొడైంది. ఆమె ఆగి, ఎడమ కాలు మెల్లగా ఆనించింది. అదీ అంతే.

"తొక్కి పాడు చేసింది" అన్నాడు షావుకారు.

మస్తాన్ వంగి ఒక ముక్క తీసుకుని వేళ్ల మధ్య నలిపాడు. లోపలంతా బూడిద రంగు. "ఇది ఇవాళ పోయింది కాదు" అన్నాడు. ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు. తిట్టినవాళ్లు తిట్టారు. మడమ ముసలావిడ కళ్లొత్తుకుంది.

 చెంగమ్మ తల దించుకోలేదు. బూట్లు విప్పి తిరగేసి చూసింది. "పై తోలు గట్టిగానే ఉంది. కొత్త అడుగు వేయించుకుంటాను. కాదనేవాళ్లు ఇప్పుడే చెప్పండి" అంది.

అడుగు లేని బూట్ల మీద ఎవరికీ హక్కు కావాలనిపించలేదు. ఎవరూ కాదనలేదు. ఆమె బజారులో చెప్పులు కుట్టే ఆయన దగ్గరకెళ్లి లారీ టైరు ముక్కతో అడుగు వేయించుకుంది.

మరుసటి శుక్రవారం ఉత్తరాల సంచీ భుజానికి తగిలించుకుని దుకాణం ముందు నుంచి వెళుతుంటే గాజు పెట్టె చుట్టూ జనం కనిపించారు. లోపల తెల్లటి దూది మీద ఆ పొడి ఉంది. పెట్టెకు కొత్త తాళం. ఎర్ర బూట్లు నేల మీద నడిచిన నాలుగడుగుల తాలూకు అసలు పొడి ఇదని, లోకంలో మరెక్కడా దొరకదని షావుకారు చెబుతున్నాడు. ఈసారి వెయ్యి వాటాలట. వరస వీధి మలుపు దాకా ఉంది.

వరస మధ్యలో మస్తాన్ ఉన్నాడు. ఆమెను చూసి కళ్లు దించుకున్నాడు. దించిన కళ్లకు బూట్లు కనిపించాయి.

"కరుస్తున్నాయా చెల్లెమ్మా?"

"మడమ దగ్గర కరుస్తున్నాయన్నా."

"మరెట్లా?"

"నడుస్తుంటే సర్దుకుంటాయి."

చెంగమ్మ సంచీ రెండో భుజానికి మార్చుకుని కొండదారి పట్టింది. వరస ముందుకు జరిగింది. వెనకున్నాయన భుజం తట్టి జరగమన్నాడు. మస్తాన్ ఆమె కాళ్లవంకే చూస్తూ నిలబడ్డాడు.