మోటారు షెడ్డు మీది పెళ్ళికబురు

చెరుకుతోట పక్కనున్న పశువుల పాకలో ఒక పద్ధతి ఉండేది. మోటారు షెడ్డు రేకుల మీద ఎవరైనా వాలి కబురు చెబితే, నచ్చినవాళ్ళు రెక్కలు టపటపలాడించాలి. రెక్కల్లేనివాళ్ళు కాలితో నేల తన్నాలి. ఆ తర్వాత విన్నది విన్నట్టు పక్క పాకకు చేరవేయాలి. మీరు ఫోనులో లైకులు, షేర్లు అంటారే, అచ్చం అవే. కాకపోతే వీళ్ళకు చార్జింగు పెట్టే పని లేదు.

ఒక మధ్యాహ్నం గోరింక రేకుల మీద వాలింది. "కాలవ అవతల పెళ్ళి! ఎంగిలి విస్తళ్ళు గుట్టలుగా పోస్తున్నారు! లడ్డూలు కూడా ఉన్నాయట!"

పాకంతా దద్దరిల్లిపోయింది. మచ్చల కోడిపెట్టకు మాత్రం రెక్క లేవలేదు. మొన్ననే గుడ్లలోంచి వచ్చిన పిల్లలు దాని కాళ్ళ దగ్గర తిరుగుతున్నాయి. కాపలా కుక్క కర్రోడు పాక దాటితే వాటికి దిక్కు లేదు.

"ఏమే పిల్లా, ఆ పెళ్ళి నువ్వు చూశావా?" అని పెట్ట గోరింకను అడిగింది.

"నేనెందుకు చూస్తానత్తా? ఉడుత చెప్పింది."

"ఉడుతా, మరి నువ్వు?"

"చెరుకుతోటలోంచి ఎవరో అంటుంటే విన్నా."

"ఎవరో అంటే ఎవరు?"

"అబ్బబ్బ, నీకన్నీ అనుమానాలే!" గోరింక విసుక్కుంది. "ఇంతమంది రెక్కలు కొట్టారు. అబద్ధమైతే కొడతారా?"

"కొట్టినవాళ్ళలో ఒక్కరైనా కాలవ దాటారా?"

కర్రోడు అప్పటికే మూతి నాక్కుంటూ కాలవ గట్టెక్కేశాడు. "ఇట్టే వచ్చేస్తా చెల్లీ! నీకో లడ్డూ తెస్తా!"

వాడి వెనకే అందరూ కదిలారు. పెట్ట పిల్లల్ని గడ్డివాము వెనక్కి తోలి, తాను వాకిట్లో నిలబడింది. ఆ 'ఎవరో' ఎవరై ఉంటారో దానికి అర్థమైపోయింది.

చెరుకు ఆకులు కదిలాయి. నక్క వచ్చింది.

"ఏం మరదలా, ఒంటరిగా ఉన్నావు?"

"రా బావా. ఆ గోరింక వైభోగం విన్నావా? దాని కబురుకు పాకంతా ఊగిపోయింది. ఇక ఈ చుట్టుపక్కల దాని పేరే పేరు."

నక్క మూతి ముడుచుకుంది. చెరుకులో దాక్కుని ఆ మెప్పంతా విన్నది మరి! అందులో పిసరంతైనా తన పేరున పడలేదు.

"దాని మొహం! ఆ కబురు అల్లింది నేను. లడ్డూల మాట కూడా నాదే!"

"నువ్వా? ఊరుకో బావా! నేను నమ్మినా పక్క పాకవాళ్ళు నమ్మొద్దూ? నీ నోటితో నువ్వు చెప్పుకుంటే తప్ప."

నక్క పెంటదిబ్బ ఎక్కి మెడ చాచింది. "లేని పెళ్ళి పుట్టించింది నేనేఏఏ!"

రెక్కల చప్పుడు రాలేదు. వినబడలేదేమోనని ఇంకా గట్టిగా ఊళ వేసింది. ఆపైన ఇంకా గట్టిగా.

వినబడకేం! కాలవ అవతల విస్తరీ లేక, లడ్డూ లేక, బురద కాళ్ళతో మండిపోతున్న కర్రోడి చెవిలో సూటిగా పడింది. నక్క మరోసారి మెడ చాచేలోగా దాని తోక కర్రోడి పళ్ళ మధ్య ఉంది. సగం తోక అక్కడే వదిలేసి అది చెరుకులోకి దూకింది. వెనకాల, కాలవ దాటి తిరిగొచ్చిన పాకంతా రెక్కలు కొట్టింది, నేల తన్నింది. ఆగి వినే తీరిక నక్కకు లేకపోయింది.

మర్నాడు ఉడుత ఆయాసపడుతూ వచ్చింది. "గోరింకా, కొత్త కబురు!"

గోరింక ఓరగా పెట్ట వైపు చూసి, గొంతు సవరించుకుంది. "ముందు చెప్పు. నువ్వు చూశావా?"

నీతి: ఎంతమంది మెచ్చిన కబురైనా సరే, కళ్ళారా చూసినవాళ్ళు దొరికాకే ముందుకు పంపండి.