సూర్యుడి నడుమ దాక పెంకు

గోడ మీద బొమ్మ సగంలో ఆగిపోయింది. పండగలా మొదలైన పని అలా చతికిలబడేసరికి తవిటయ్యకు ఒళ్లు మండిపోయింది.

తుఫాను వచ్చి ఏడాది కావస్తోంది. సముద్రం ఒడ్డునున్న ఆ పల్లెవాళ్లు తుఫాను షెల్టరు గోడ మీద పెద్ద బొమ్మ పెట్టాలనుకున్నారు. పైన పొడిచే సూర్యుడు, కింద వేటకు బయల్దేరే పడవ. కూలిన ఇళ్లలో మిగిలిన పెంకులూ పింగాణీ ముక్కలూ ఎవరివి వాళ్లు తెచ్చి, తమ చేత్తోనే తడి సున్నంలో అద్దాలి. గోపురాల మీద సున్నపు బొమ్మలు చేసి చేయి తిరిగిన పైడయ్యగారిని పిలిచి పని అప్పగించారు. తవిటయ్య ఆయన శిష్యుడు. పనిమంతుడే. ఆ సంగతి అందరికన్నా ముందు అతనికే తెలుసు.

"జనం రావడం మానేశారు గురువుగారూ. పట్నం నుంచి ఇద్దరు పనివాళ్లని తెచ్చుకుందాం. పది రోజుల్లో ఏడాది నిండుతుంది, ఆలోగా గోడ పూర్తయి తీరాలి కదండీ," అన్నాడు.

"ఎందుకు మానేశారు?"

"శ్రద్ధ లేదండీ. నూకాలమ్మ అని ఒకామె, మసిబారిన మట్టి దాక పెంకు తెచ్చి సూర్యుడి నడిమధ్యన అద్దింది. చేపల పులుసు కాచే దాకండీ! ఆమె వెళ్లాక పీకి చెత్తలో పడేసి, పసుపు పెంకు పెట్టాను. మర్నాడొచ్చి గోడంతా వెతుక్కుంది. 'రంగు కుదర్లేదమ్మా' అని మర్యాదగానే చెప్పాను. అప్పట్నుంచి ఎవరూ రావడం లేదు."

పైడయ్య లేచారు. తాపీ అందుకుని గోడ దగ్గరికి నడిచారు. పడవ ముందు కొసన కన్నులా మెరుస్తున్న నీలం పింగాణీ ముక్కను ఊడదీసి, చెత్తకుప్ప మీద పడేశారు.

"గురువుగారూ!" తవిటయ్య కుప్ప మీదికి ఉరికాడు. "అది మా అమ్మ పళ్లెం ముక్కండీ!"

ఆ తల్లి పోయింది కూడా ఆ తుఫానులోనే. పొరుగూళ్లో కూలిన ఇల్లంతా తవ్వితే ఆ ఒక్క ముక్కే దొరికింది.

పైడయ్య తాపీ తుడుచుకుంటూ, "రంగు కుదర్లేదు నాయనా," అన్నారు. మర్యాదగానే అన్నారు.

తవిటయ్యకు నీలం ముక్క వెంటనే దొరికింది. అయినా కుప్పలోంచి లేవలేదు. చేతులు గీరుకుపోతున్నా తవ్వుతూనే ఉన్నాడు. మధ్యాహ్నానికి నల్లటి పెంకు బయటపడింది. దాన్ని కడగకుండానే నూకాలమ్మ పాకకు పట్టుకెళ్లాడు.

"ఇదెక్కడ పెట్టమంటావమ్మా?"

ఆమె ఎండుచేపలు తిరగేస్తోంది. తలెత్తలేదు.

"సెత్తలో ఏసినోడివి, ఇప్పుడు నన్నడుగుతావేటి బాబూ? తుపాను గాలెలిసినాక మూడు దినాలు మా ఈదంతటికీ గంజి కాసినాను దాన్లోనే. ఇంకే ఇంటా పొయ్యి నేదు. నాలుగోనాడు పగిలిపోనాది."

తవిటయ్య పెంకును ఆమె పక్కన మెల్లగా పెట్టాడు. "రేపు తడి సున్నం కలిపి ఉంచుతాను. నువ్వే వచ్చి పెట్టమ్మా," అన్నాడు.

తెల్లారి నూకాలమ్మ వచ్చింది. ఆమె వెనక వీధంతా వచ్చింది, కొంగుల్లో ముక్కలు మూటగట్టుకుని. తవిటయ్య పసుపు పెంకు తనే పీకేశాడు. ఆ చోట ఆమె నల్ల పెంకును అద్ది, బొటనవేలితో గట్టిగా నొక్కింది.

పైడయ్య పడవ వైపు చూశారు. "మరి కన్ను?"

తవిటయ్య జేబులోని నీలం ముక్కను తడుముకున్నాడు.

"చివర్న పెడతానండీ. ముందు వీళ్లవి కానివ్వండి."

"అయితే సున్నం ఇంకాస్త ఎక్కువ కలుపు," అన్నారు పైడయ్య.