ఏనుగు ఆగిన చోటు

హైదరాబాదులో పరాంకుశం అనే బొమ్మల సినిమాల దర్శకుడు ఉండేవాడు. ఎదుటివారి మాట పూర్తికాకముందే దాన్ని తానే పూర్తిచేయడం అతని బలహీనత.

"ఏమండీ, మీ బూటులో..." అని ఒక ఉదయం భార్య అనబోయింది.

"బురద ఉంది. తెలుసు" అన్నాడు పరాంకుశం. కాలు పెట్టిన తరువాత తెలిసింది, అందులో ఉన్నది కప్ప.

అయినా అతడు పనిలో దిట్ట. చిన్నతనంలో అతనికి అమ్మ ఒకే పుస్తకాన్ని పదే పదే చదివి వినిపించేది. దాని పేరు 'ఏనుగుకు అద్దె ఇల్లు'. రాసినది పార్వతీపురంలో బడిపంతులమ్మగా పనిచేసిన మాణిక్యాంబ. ఒక ఏనుగు ఊరంతా తిరిగి, తొండంతో తలుపులు తట్టి, "గది ఖాళీగా ఉందాండీ?" అని ఎంతో మర్యాదగా అడిగే కథ అది. మూడు తరాల పిల్లలు ఆ కథ వింటూ పెరిగారు. దాన్ని తెరమీదకు తేవాలన్నది పరాంకుశం ముప్పై ఏళ్ల కోరిక.

మాణిక్యాంబ మరణించిన ఏడాదికి అతడు పార్వతీపురం వెళ్లాడు. ఆమె భర్త విశ్వపతి నలభై ఏళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషి. తక్కువగా, నెమ్మదిగా మాట్లాడేవాడు. ఆయన బల్లమీద రెండు కళ్లజోళ్లు ఉండేవి. ఒకటి ఆయనది. రెండోదాన్ని ఇప్పుడు ఎవరూ పెట్టుకోకపోయినా, ఆయన రోజూ తుడిచి యథాస్థానంలో ఉంచేవాడు.

"తప్పకుండా తీయండి బాబూ" అన్నాడు విశ్వపతి. "కానీ ఆవిడ ఒక షరతు రాసి వెళ్లింది. సినిమాను ముందుగా ఆవిడ చదువు చెప్పిన బడిలో పిల్లలకు చూపించాలి. చివర నేను ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాను, 'మళ్లీ వేయమంటారా?' అని. వేయమంటే మీరు దేశమంతా చూపించుకోవచ్చు. వద్దంటే..."

"పెట్టెలో పెట్టి తాళం వేయాలి. అంతే కదా మాస్టారూ! ఒప్పుకున్నాను."

విశ్వపతి లోపలికి వెళ్లి, మాణిక్యాంబ స్వయంగా రాసిన కాగితాల కట్ట తెచ్చాడు. పేజీల అంచున అక్కడక్కడ ఎర్రని చుక్కలు ఉన్నాయి.

"ఈ చుక్కలు చూశారూ, ఇవి..."

"సిరా మరకలు. ఆ రోజుల్లో కలాలు కారేవి, నాకు తెలుసండీ. శుభ్రంగా టైపు చేయించేస్తాను, మీరేమీ దిగులు పెట్టుకోకండి."

విశ్వపతి తెరిచిన నోరు మూసుకున్నాడు. ఒకరి మాటకు అడ్డుపడటం ఆయనకు అలవాటు లేదు.

సినిమాకు రెండేళ్లు పట్టింది. నలభై మంది చిత్రకారులు పనిచేశారు. ఏనుగు చర్మం మీది ముడతల కోసమే ఒకామె నాలుగు నెలలపాటు జంతు ప్రదర్శనశాల చుట్టూ తిరిగింది. సంగీతం కూర్చే రోజు వచ్చింది.

"సార్, ఏనుగు తలుపు తట్టి నిలబడింది కదా. ఇక్కడ ఒక్క క్షణం..." అన్నాడు సంగీత దర్శకుడు.

"డోలు వేయండి!"

"నిశ్శబ్దం అనబోయానండీ."

"నిశ్శబ్దమా! పిల్లలు లేచిపోతారు. డోలు, వెంటనే సన్నాయి. ఆ తరువాత చిలుక చేత ఏదైనా చమత్కారం పలికిద్దాం."

పుస్తకంలో చిలుక లేదు. అయినా ఏనుగు ఆగిన ప్రతిచోటా చిలుక మాట్లాడింది.

పార్వతీపురం బడిలో కిటికీలకు దుప్పట్లు కట్టి, గోడమీద తెల్లని గుడ్డ పరిచి, మధ్యాహ్నం సినిమా వేశారు. ఏనుగు కనబడగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. అది మొదటి తలుపు తట్టింది. ముందు వరసలో కూర్చున్న మూడో తరగతి పిల్ల పైడితల్లి "ఊ" అన్నది. ఆ "ఊ" డోలు మోతలో కలిసిపోయింది. రెండో తలుపు దగ్గర ఆ పిల్ల మళ్లీ నోరు తెరిచింది. ఈసారి చిలుక అందుకుంది. మూడో తలుపు దగ్గర ఆ పిల్ల నోరు తెరవలేదు. పిల్లలందరూ బుద్ధిగా, చేతులు కట్టుకుని చివరిదాకా చూశారు.

విశ్వపతి లేచి నిలబడ్డాడు. "మళ్లీ వేయమంటారా?"

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"బాగుంది తాతగారూ" అన్నది పైడితల్లి. "గానీ, వొద్దండి."

పరాంకుశం రెండేళ్ల శ్రమ, నలభై మంది చేతిపని, అమ్మ చదివిన కథ, అన్నీ ఆ ఒక్క మాటతో పెట్టెలోకి వెళ్లబోతున్నాయి.

"ఎందుకమ్మా?" అని అడిగాడు విశ్వపతి.

"మరేటంటే..."

"పాట పొడవైందా? చిలుక నచ్చలేదా? ఏనుగు రంగు..." అన్నాడు పరాంకుశం.

విశ్వపతి చేయి ఎత్తాడు. "పిల్లను చెప్పనివ్వండి బాబూ."

పరాంకుశం పెదవులు బిగించుకున్నాడు. పైడితల్లి జడ కొస నోట్లో పెట్టుకుని చాలాసేపు ఆలోచించింది. పరాంకుశం ఒక మాట పూర్తయ్యేవరకు ఎదురుచూడటం బహుశా అదే మొదటిసారి.

"ఆ ఏనుక్కి మేం అక్కర్లేదండి" అన్నది చివరికి. "దాని పని అది సేసుకుపోతంది."

పరాంకుశం సంచిలోంచి కాగితాల కట్ట తీశాడు. అంచున ఉన్న ఎర్ర చుక్కలను ఈసారి వేలితో తడిమి చూశాడు. ఒక్కొక్కటీ గుండ్రంగా, శ్రద్ధగా పెట్టినట్టు ఉంది. కారిన సిరా అలా ఉండదు.

"మాస్టారూ, ఈ చుక్కలు ఏమిటండీ?" అని అడిగి, ఊరుకున్నాడు.

"ఆవిడ కథ రాసిన మర్నాడే బడిలో పిల్లలకు చెప్పేది" అన్నాడు విశ్వపతి. "వాళ్లు ఎక్కడ 'ఊ' కొడితే అక్కడ చుక్క పెట్టేది. పేజీ మొత్తంలో ఒక్క 'ఊ' అయినా రాకపోతే ఆ పేజీ చించి మళ్లీ రాసేది. 'చుక్క దగ్గర నేను ఆగాలండీ, అది వాళ్ల వంతు' అనేది."

పరాంకుశానికి అమ్మ గొంతు గుర్తుకు వచ్చింది. ఏనుగు తలుపు తట్టగానే ఆమె ఆగేది. తాను దుప్పటిలోంచి "ఊ" అనేవాడు. అనేదాకా ఆమె పేజీ తిప్పేది కాదు. ఇన్నేళ్లూ ఏనుగును గుర్తుపెట్టుకున్నాడు కానీ, ఆగిన అమ్మను మరిచిపోయాడు.

చివరి పేజీలో ఒక చుక్క మాత్రం ఎర్రగా లేదు. పెన్సిలుతో పెట్టినది. అతడు దానిమీద వేలు పెట్టి చూపించాడు.

విశ్వపతి కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"వేసవి సెలవుల్లో ఆ పేజీ రాసింది. పిల్లలు ఊళ్లో లేరు. వంటింట్లో నాకు చెప్పింది. నేను ప్రూఫులు దిద్దుకుంటూ 'ఊ' అన్నాను. నా చేతిలోని పెన్సిలు లాక్కుని చుక్క పెట్టేసింది."

పరాంకుశం కాగితాలు సర్ది, కట్టను జాగ్రత్తగా కట్టాడు.

"ఒక్కసారే చూపించాలని ఆవిడ షరతులో రాయలేదు బాబూ" అన్నాడాయన. "పిల్లలు వద్దంటే ఆవిడ కూడా తిరగరాసేది."

పరాంకుశం హైదరాబాదు వచ్చి చిలుకను తీసేశాడు. చుక్క ఉన్న ప్రతిచోటా డోలు ఆపించాడు. అక్కడ ఏనుగు తలుపు తట్టి, పిల్లలవైపు తిరిగి, చెవులు విప్పి నిలబడేలా కొత్తగా బొమ్మలు గీయించాడు. మూడు నెలల తరువాత అదే బడిలో, అదే గుడ్డమీద మళ్లీ సినిమా వేశాడు.

ఏనుగు మొదటి తలుపు తట్టి, పిల్లలవైపు తిరిగింది. గదిలో చప్పుడు లేదు. ఒక క్షణం గడిచింది. రెండు గడిచాయి. ఏదో ఒకటి అనేయాలని పరాంకుశం నాలుక దురద పెట్టింది. రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఊ" అన్నది పైడితల్లి.

ఏనుగు తల ఊపి ముందుకు కదిలింది. రెండో తలుపు దగ్గర పదిమంది అన్నారు. మూడో తలుపు దగ్గర గదంతా "ఊ" అన్నది.

కథ చివరికి వచ్చింది. ఏనుగుకు ఇల్లు దొరికింది. గడపలో నిలబడి, చివరిసారి వెనక్కి తిరిగి చూసింది. అది పెన్సిలు చుక్క ఉన్న చోటు. పిల్లలందరూ ఒక్క గొంతుతో "ఊ" అన్నారు. వాళ్ల తరువాత, కొంచెం ఆలస్యంగా, వెనక కుర్చీలోంచి ఒక ముసలి గొంతు కూడా "ఊ" అన్నది.

విశ్వపతి ప్రశ్న అడగడానికి లేచాడు. అడగవలసిన పని లేకపోయింది. "మళ్లీ! మళ్లీ!" అని పిల్లలు అప్పటికే బల్లలు చరుస్తున్నారు.

చెప్పడం ఎంత బాగా వచ్చినా, ఎదుటివారి కోసం ఆగడం రానివారి మాట చేరవలసిన చోటికి చేరదు.