మొదటి దెబ్బ ఎవరిది?

ఆదెమ్మ పొలంలో ఒక రేకుల షెడ్డు, ఆ పక్కన గడ్డివాము, చుట్టూ ముళ్ళకంప ఉన్నాయి. ఆ కంప లోపల ఉండే జంతువులకు మనుషుల గురించి మాట్లాడుకోవడాన్ని మించిన కాలక్షేపం లేదు. తమ గురించి మనుషులు ఎంత తక్కువ ఆలోచిస్తారో తెలిస్తే పాపం చిన్నబుచ్చుకునేవి.

ఆ వారం మాత్రం అది కాలక్షేపం కాదు. చుక్కి అనే కుక్క గడ్డివాము కింద మూడు పిల్లల్ని పెట్టింది. చుక్కికి వెనక కాలు కుంటి. చిన్నప్పుడు ఎవడో పిల్లాడు సరదాకి విసిరిన రాయి చేసిన పని అది. ఇప్పుడు ఆదెమ్మ తన మనవరాల్ని రోజూ పొలానికి ఎత్తుకొస్తోంది. ఆ పిల్లకు ఇంట్లోవాళ్ళు నోరు తిరగని కొత్తరకం పేరేదో పెట్టుకున్నారు కానీ, జంతువులకు మాత్రం ఆమె బుడ్డి. పదకొండు నెలలది, నాలుగు అడుగులు వేసి కూలబడుతోంది. ఆ అడుగులు రేపో మాపో గడ్డివాము దాకా వస్తాయని చుక్కి గుండెల్లో దడ.

ఆ దడ సంగతి నక్క పసిగట్టింది. పొద్దున్నే కంప అవతల చేరి, చాలా మర్యాదగా గొంతు సవరించుకుంది.

"వదినా, మనిషిపిల్ల గుప్పిట మూసుకుని పుడుతుంది, చూశావా? అది రాయి పట్టడానికే. దెబ్బ కొట్టడం వాళ్ళ పుట్టుకలోనే ఉంది. ఎవరూ నేర్పక్కర్లేదు, ఎవరూ మాన్పలేరు. పిల్లల్ని తీసుకుని వాగు ఒడ్డుకి, నా బొరియకి వచ్చెయ్."

"నీ బొరియకా?" అంది చుక్కి.

"నేను మాంసం మానేసి మూడేళ్ళయింది. రేగుపళ్ళతో సరిపెట్టుకుంటున్నా. పూర్తిగా మారిపోయాను వదినా."

చుక్కి నమ్మలేదు కానీ, దాని కుంటికాలు సగం నమ్మింది. భయం అలాంటిది మరి. ఆ పూట అది మైలోడి దగ్గరకు వెళ్ళి గోడు చెప్పుకుంది. మైలోడు ముసలి ఎద్దు. ట్రాక్టరు వచ్చాక పని తగ్గి, నెమరుకీ ఆలోచనకీ బోలెడంత తీరిక దొరికింది దానికి.

పక్కనే మట్టి గీరుతున్న కోడిపెట్ట అడగకుండానే మధ్యలో దూరింది. తన పిల్లలకు మట్టి గీరడం ఎవరూ నేర్పలేదనీ, గుడ్డులోంచి రాగానే మొదలుపెట్టాయనీ, కాబట్టి నక్క చెప్పిందే నిజం కావచ్చనీ దాని వాదన. మైలోడు కాసేపు నమిలింది. దూడకు పాలు తాగడం ఎవరూ నేర్పరని ఒప్పుకుంది. కానీ తను కాడి మొయ్యడం నేర్చుకునేసరికి మెడ ఎన్నిసార్లు కాయలు కాసిందో కూడా చెప్పింది.

"అదీ సంగతి. మనిషి చెయ్యెత్తడం పాలు తాగడంలాంటిదా, కాడి మొయ్యడంలాంటిదా? ఇంత వయసొచ్చింది, నాకూ తెలీదు. అడగాలంటే ఇంకా ఏదీ నేర్వని మనిషిని అడగాలి," అంది మైలోడు.

అలాంటి మనిషి ఒక్కతే ఉంది. ఆ సమయానికి ఆమె షెడ్డు ముందు కూర్చుని తన కాలి బొటనవేలు నోట్లో పెట్టుకునే ప్రయత్నంలో ఉంది.

కంప అవతల ఇదంతా వింటున్న నక్కే పందెం పెట్టింది. ఈ పూట బుడ్డి కుక్కపిల్లను కొడితే చుక్కి తన వెంట రావాలి, కొట్టకపోతే తను మళ్ళీ ఈ కంప ఛాయలకు రాదు. చుక్కి సరేనంది. పెద్దపిల్లను ముక్కుతో ముందుకు తోసి, తను మూడంగల దూరంలో కూర్చుంది.

బుడ్డి కుక్కపిల్లను చూసింది. దాని చెవి మడిచి చూసింది. ముక్కులో వేలు పెట్టింది. తోక ఎలా ఉంటుందో కొరికి చూసి, ఉమ్మేసింది. కుక్కపిల్ల ఆమె చేతికంటిన పెరుగన్నం నాకింది. కోడిపెట్ట మట్టి గీరడం ఆపేసింది. కంప అవతల నక్క ముందుకు వంగి చూసింది.

అప్పుడు బుడ్డి లేచి నిలబడింది. కుక్కపిల్ల కాళ్ళకు అడ్డం పడింది. బుడ్డి బోర్లా పడి, పొలమంతా వినపడేలా ఏడుపు అందుకుంది.

మిరపకాయల తొడిమలు తీస్తున్న ఆదెమ్మ పరుగున వచ్చి మనవరాల్ని ఎత్తుకుంది. "ఎవరమ్మా నా తల్లిని పడేసింది? ఈ కుక్కపిల్లేనా? దీన్ని కొట్టేద్దాం ఉండు," అంటూ కుక్కపిల్ల వీపు మీద ఉత్తుత్తిగా ఒకటి వేసింది. తర్వాత బుడ్డి చెయ్యి పట్టుకుని దానితో ఇంకొకటి వేయించింది. దెబ్బ పూచికపుల్లంత కూడా లేదు. బుడ్డి ఏడుపు ఆపి నవ్వింది. ఆదెమ్మ ఆమెను దింపి మళ్ళీ మిరపకాయల దగ్గరకు వెళ్ళింది.

బుడ్డి తన చెయ్యి చూసుకుంది. దాన్నెత్తి కుక్కపిల్లను కొట్టింది. మళ్ళీ కొట్టింది. పక్కనున్న చెక్కగరిటె అందుకుని ఈసారి గట్టిగా కొట్టింది. కుక్కపిల్ల కుయ్యోమంది.

"చూశావా వదినా," అంది నక్క, తోక ఆడకుండా ఆపుకుంటూ.

"మొదటి దెబ్బ ఎవరిది?" అంది మైలోడు.

"మొదటిది ముసలమ్మది. మరి గరిటె ఎవరిచ్చారు? గట్టిగా కొట్టమని ఎవరన్నారు?" అంది కోడిపెట్ట. గిల్లికజ్జా కోసం కాదు, దానికి నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

"అది నాకూ అంతుపట్టలేదు," అంది మైలోడు.

ఈలోగా కుక్కపిల్ల మూలుగు విని ఆదెమ్మ వెనక్కి వచ్చింది. మనవరాలి చేతిలో గరిటె చూసేసరికి ఆమె ముఖం చిన్నబోయింది. తను ఆడిన ఆట ఇంత దూరం పోతుందని ఆమె అనుకోలేదు. "అయ్యో, నొప్పెట్టింది తల్లీ దానికి. ఉఫ్ అను, తగ్గిపోద్ది," అని కింద కూర్చుని, కుక్కపిల్ల వీపు నిమిరి ఊదింది. బుడ్డి గరిటె వదిలేసి తనూ ఊదింది. గాలికంటే ఉమ్మే ఎక్కువ వచ్చింది. ఆ ఆట ఇంకా నచ్చింది కాబోలు, కుక్కపిల్ల చెవి మీద ఊదింది, తన మోకాలి మీద ఊదింది, చివరికి గరిటె మీద కూడా ఊదింది.

"ఊదినా సరే, కొట్టడం కొట్టడమే. మాటంటే మాట," అని నక్క కంప సందులోంచి మూతి లోపలికి పెట్టింది.

చుక్కి లేచి కుంటుకుంటూ కంప దాకా వెళ్ళింది. మైలోడు లేచి నిలబడింది.

"మాట మీదే ఉన్నాను మరిదీ. ఒక్కటి చెప్పు, వచ్చేస్తా. పుట్టుకతో వచ్చిన గుణం ఎవరూ మాన్పలేరన్నావు కదా?"

"ముమ్మాటికీ అన్నాను."

"మరి నువ్వు పుట్టుకతో కుక్కపిల్లల్ని తినేవాడివి. ఎలా మానావు?"

నక్క ఇరుకున పడింది. మానలేదంటే బొరియకు ఎవరూ రారు. మానానంటే బుడ్డీ మానగలదు, చుక్కి గడ్డివాము వదలక్కర్లేదు. ఇక మాటలు కట్టిపెట్టి పెద్దపిల్ల మీదకు ఒక్క ఎగురు ఎగిరింది. ముళ్ళు దాన్ని సందులోనే పట్టుకున్నాయి. మైలోడు కొమ్ము వంచి ముందుకు వచ్చేసరికి, సగం తోక వెంట్రుకలు కంపకే వదిలి, కేకలు పెట్టుకుంటూ వాగు వైపు పరుగు తీసింది.

ఆ కేకలు విని బుడ్డి అటు తిరిగింది. ఎవరికో నొప్పెట్టిందని అర్థమైంది. బుగ్గలు పూరించి, పారిపోతున్న నక్క వైపు గట్టిగా ఉఫ్ అని ఊదింది.

చుక్కి పిల్లల్ని గడ్డివాము కిందే ఉంచుకుంది. ఈ కథ విన్నవాళ్ళు గుర్తుపెట్టుకోవలసింది ఒక్కటే: చెయ్యి పుట్టుకతో వస్తుంది, దానితో ఏం చెయ్యాలో మాత్రం బిడ్డ మన చేతిని చూసే నేర్చుకుంటుంది.