దొరగారి తాత జెండా

సూర్యోదయమైన నాలుగో గడియకు చాకలి నూకమ్మ తాడు మీద ఆరిన జెండాను మడిచి, సింగన్న దొర కోటకు బయలుదేరింది. ప్రతి పున్నమికీ దాన్ని ఉతికి మళ్లీ కట్టడం ఆమె పని. దొరగారి తాత ఒకప్పుడు ఆ జెండా ముందు నడవగా వచ్చి చాకలిపేటను తగలబెట్టించాడు. మనవడు దాన్ని సరిగ్గా పేటకు ఎదురుగా, కోట గుమ్మం మీద ఎగరేశాడు. ఆ మంటల్లో బిడ్డను పోగొట్టుకున్న నూకమ్మ అత్త దాని కింద నడవలేక, మంచినీళ్ల బావికి ఊరంతా చుట్టి వెళ్తోంది.

పేటవాళ్ల ఫిర్యాదు విని రాజుగారు పంపిన అధికారి ఆ ఉదయమే విచారణకు వచ్చాడు.

"అది మా తాతగారి జ్ఞాపకం. ఎవరినీ ఉద్దేశించి కట్టింది కాదు," అంటున్నాడు దొర.

నూకమ్మ ఆ మాట విని, గుమ్మం దాటి లోపలికి వెళ్లి, దొర పడకగది కిటికీ ఎదుట ఉన్న స్తంభానికి జెండా కట్టింది.

"అక్కడ కడితే ఎవరికి కనపడుతుందే?"

"తమకే దొరా. తాతగారు తమవారే కదా."

"నాకొక్కడికి కనపడితే చాలా?"

"ఇంకెవరికి కనపడాలో సెలవియ్యండి. అక్కడే కడతాను."

అధికారి కలం ఎత్తి పట్టుకుని జవాబు కోసం చూశాడు. దొర గొంతు సవరించుకుని, "అక్కడే ఉండనీ," అన్నాడు.

మర్నాటి నుంచి అత్త తిన్నగా బావికి వెళ్లసాగింది.

ఆరు రోజులకు కోట వంటమనిషి చెబితే పేటకు తెలిసింది: జెండా భోషాణంలోకి చేరింది. పొద్దస్తమానం అది కళ్లెదుటే ఎగురుతుంటే దొరగారికి అన్నం సహించలేదట.