సన్‌షేడ్ కింద కుర్చీ

కోమలి ఇంతవరకూ ఎవరితోనూ అనని మాట ఒకటుంది. భవన నిర్మాణ శిక్షణ కేంద్రంలో తను గడగడా చెప్పే జవాబుల్లో ఒక్కటీ తనది కాదు. ఫోన్‌లో చాట్‌బాట్‌ని అడుగుతుంది, అది చెప్పింది అప్పజెబుతుంది.

పొద్దున నస్రీన్ ఫోన్ చేసినప్పుడూ అంతే. నిరుడు ఇక్కడే నేర్చుకుని, ఇప్పుడు ఒక ఇంటి పని చూస్తోంది నస్రీన్.

"సన్‌షేడ్ పోసి వారమైందే. సెంట్రింగ్ విప్పించనా?"

"భేషుగ్గా విప్పించు."

"అయితే మధ్యాహ్నం విప్పిస్తా. నువ్వుండగా నాకేం భయం!"

ఆ ఊపులోనే జక్కరయ్య మాస్టారి దగ్గరికెళ్లింది. ఆవరణలో నేర్పడానికి పోసిన సన్‌షేడ్ ఇంకా సెంట్రింగ్ ఊతకర్రల మీదే నిలబడి ఉంది.

"మాస్టారూ, దీని సెంట్రింగ్ తీసెయ్యొచ్చు. వారం చాలు."

"ఎవరన్నారు?"

"నేనే."

మాస్టారు లోపల్నించి ఇనప కుర్చీ ఈడ్చుకొచ్చి, సన్‌షేడ్ కింద విసురుగా వేశారు.

"కూర్చో. కర్రలు నేను తీస్తా."

"సింహాసనం కోమలీ, ఎక్కవే!" వెనకనుంచి ఎవరో అన్నారు. అందరూ గొల్లుమన్నారు.

ఆమెకి ఒళ్లు మండిపోయింది. నలుగురిలో ఇలా పరువు తీస్తారా? కసిగా వెళ్లి కూర్చుంది.

మాస్టారు సుత్తి అందుకున్నారు.

"ఇది ముందుకి ఒరగకుండా, వెనక కొసని నొక్కిపట్టేది ఏది?"

"పైన కట్టే గోడ."

"కట్టామా?"

కోమలి ఒక్క గెంతులో ఇవతల పడింది. కుర్చీ వెల్లకిలా దొర్లింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మాస్టారి చూపు ఆమె చేతిలోని ఫోన్ మీదికి వెళ్లింది.

"దానికి చెప్పావా, పైన గోడ లేదని?"

"అది... అడగలేదు మాస్టారూ."

"ఎందుకడుగుతుంది? పగలడానికి దానికి నెత్తి ఉందా?"

సుత్తి అవతల పారేసి వెళ్లిపోయారు.

తెర మీద చాట్‌బాట్ ఇంకా అడుగుతూనే ఉంది, మరేదైనా సాయం కావాలా అని. ఫోన్‌ని నేలకేసి కొట్టాలనిపించింది. కానీ నస్రీన్‌ని తనూ అడగలేదుగా, పైన గోడ లేచిందా అని. అక్కడ మనుషులు నీడ కోసం ఆ సన్‌షేడ్ కిందే సద్దులు విప్పుకుంటారు.

ఆగమని చెబితే నస్రీన్ ఎందుకంటుంది. అప్పుడిక చాట్‌బాట్ సంగతి దాచడానికి లేదు.

తిడితే తిట్టనీ.

కోమలి నస్రీన్ నంబరు నొక్కింది.