పిలిస్తే రాని పరికి

అనగనగా ఒక కొండ అడవి. ఆ అడవిలో సింహమూ లేదు, రాజూ లేడు. ఒక రేచుకుక్కల గుంపు మాత్రం ఉండేది. రేచుకుక్కలంటే మన వీధికుక్కలనుకునేరు! ఎర్రటి ఒళ్ళు, నల్లటి కుచ్చుతోక ఉండే అడవికుక్కలవి. అవి మన కుక్కల్లా మొరగవు. ఈల వేసి ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. చెట్లు అడ్డమొచ్చి ఎవరూ కనబడకపోయినా సరే, ఈల వినబడితే చాలు, వచ్చి వాలిపోతాయి. ఆ గుంపుకు ఈలే ప్రాణం. ఊ కొట్టండర్రా, గోడకు చెప్పుకుంటున్నట్టుంది నాకు!

ఆ గుంపు పెద్ద పేరు మద్ది. వాడి పళ్ళు గట్టివి, కోపం ఇంకా గట్టిది. వాడి భార్య ఆ వేసవిలోనే అడవిపంది కోర తగిలి చచ్చిపోయింది, పాపం. బలుసు, రేలు, పరికి అని ముగ్గురు పసికూనలు మిగిలారు. అందరిలోకీ పరికి చిన్నది. చీమలబారు కనబడితే చాలు, లోకం మరిచిపోయి దాని వెంట నడిచేది.

తల్లి లేని ఆ పిల్లల్ని సాకింది మద్ది వాళ్ళ అక్క, బూరుగత్త. ఆమెకు ఒక కాలు కుంటి. వేటకు పోలేదు. అయితేనేం, పిల్లలకు పని నేర్పడంలో ఆమె తర్వాతే ఎవరైనా. ఆమె దగ్గర చదువంతా ఆటే. పొద చాటున దాక్కుని ఈల వేసేది. ముందు వచ్చి పట్టుకున్నవాళ్ళకు కార్జం ముక్క. ఎముక నోట కరుచుకుని తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర పెడితే, దానికి బదులు మెత్తటి మాంసం. ముక్కు ముందు మిడత గెంతుతున్నా కదలకుండా కూర్చుంటే, ఒళ్ళంతా నాకి ముద్దు చేసేది. ఎవరైనా ఆలస్యంగా వచ్చినా తిట్టేది కాదు.

"వచ్చావా నా తల్లీ! రా, రా!" అనేది.

ఇంకేం, ఆమె ఈల వినబడితే చాలు, పిల్లలు ముగ్గురూ ఒకరి మీద ఒకరు పడుతూ పరుగెత్తుకొచ్చేవారు.

ఇదంతా చూసి మద్దికి ఒళ్ళు మండిపోయేది.

"అక్కా, నువ్వు వీళ్ళను తిండిపోతుల్ని చేస్తున్నావు" అన్నాడు ఒకరోజు. "వానాకాలం నెత్తి మీదికొచ్చింది. వాగు దాటి కొత్త బొరియకు పోవాలి. దారిలో చిరుతలుంటాయి. అక్కడ కూడా కార్జం చూపించి పిలుస్తావా? గారాబం గజ్జెలకేడిస్తే వీపు గుద్దులకేడ్చిందట! మొక్కై వంగనిది మానై వంగుతుందా?"

"వంచరా, వద్దనలేదు. విరవకు" అంది బూరుగత్త.

"వాళ్ళమ్మలా వీళ్ళూ పోతే నేను తట్టుకోలేనక్కా" అన్నాడు మద్ది.  "రేపటి నుంచి నేనే నేర్పుతాను."

అదిగో, భయం వేసిందే గానీ బుద్ధి రాలేదు వాడికి.

మర్నాడు పొద్దున్నే మద్ది ఈల వేశాడు. బలుసు, రేలు వెంటనే వచ్చేశారు. పరికి రాలేదు. ఎక్కడుంది? ఇంకెక్కడ, చీమల వెంట! రెండో ఈలకు ఉలిక్కిపడి తోక ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

"నాన్నా, నేనూ వచ్చేశాను!" అంది.

మద్ది దాని చెవి పట్టి కరిచాడు.

"ఇంత ఆలస్యమా? ఇంకోసారి ఆలస్యం చేస్తావా?" అని గుర్రుమన్నాడు. పరికి కుయ్యోమని ఏడ్చింది.

సాయంత్రం మళ్ళీ ఈల వేశాడు. ఈసారి పరికి విన్నది. వెంటనే బయలుదేరింది కూడా. కానీ పొద్దుటి కాటు చెవి మీద ఇంకా సలుపుతోంది కదా! కడుపు నేలకానించి, తోక కాళ్ళ మధ్య ముడుచుకుని, పాక్కుంటూ పాక్కుంటూ వచ్చింది.

"నత్తలా వస్తావేం?" అని మద్ది మళ్ళీ కరిచాడు.

ఆ తర్వాత ఎన్ని ఈలలు వేసినా పరికి దగ్గరికి రాలేదు. దూరంగా నిలబడి చూసేది. రెండడుగులు ముందుకు, మూడడుగులు వెనక్కి. 

"ఒరేయ్ మద్దీ" అంది బూరుగత్త. "ఆలస్యం చేసినందుకు కరిచానని నువ్వనుకుంటున్నావు. వచ్చినందుకు కరిచావని అది అనుకుంటోంది. నీ దగ్గరికి వస్తే నొప్పి అని నేర్పావు. కొన్నాళ్ళు దాన్ని నాకొదిలెయ్. తీపి మాటతో, మంచి ముక్కతో మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతాను."

మద్ది చివరి మాటలే విన్నాడు. తీపి మాట, మంచి ముక్క. ఓహో, అదా కిటుకు అనుకున్నాడు.

మర్నాడు ఒక కార్జం ముక్క తెచ్చి ముందు పెట్టుకుని, గొంతు మెత్తగా చేసి పిలిచాడు.

"రా తల్లీ, రా బంగారూ. నాన్న ఏమీ చెయ్యడు. ఇదిగో, నీకోసమే తెచ్చాను."

పరికి చెవులు నిక్కించింది. చాలాసేపు చూసింది. తోక కొంచెం ఊగింది. నాన్నంటే ఇష్టం పోతుందా ఎక్కడైనా? మెల్లగా, ఒక్కో అడుగు వేసుకుంటూ వచ్చింది. ముక్క వాసన చూడబోయింది.

మద్ది దాని మెడ పట్టుకున్నాడు.

"దొరికావా! ఇన్ని రోజులూ నన్ను ఆడిస్తావా?" అంటూ మూడోసారి కరిచాడు.

కార్జం ముక్క అక్కడే ఉండిపోయింది. ఎవరూ తినలేదు. చివరికి ఈగలు ముసిరాయి.

ఆ రోజు నుంచి పరికి వాగులోనే మకాం పెట్టింది. వేసవికి వాగు ఎండిపోయి, నడి మధ్యలో ఒక ఇసుకమేట ఉండేది. అక్కడ కూర్చుంటే నాలుగు పక్కలా కనబడుతుంది. నాన్న ఎటు నుంచి వచ్చినా ముందే తెలుస్తుంది. అందుకని అక్కడే పడుకునేది. బూరుగత్త కుంటుకుంటూ వెళ్ళి తిండి పెట్టి వచ్చేది.

ఒక మధ్యాహ్నం ఎండ కాస్తూనే ఉంది. ఇక్కడ చుక్క వాన లేదు. కానీ పైన కొండల మీద ఆకాశం కాటుక పూసినట్టుంది. వాగు మలుపులో పెద్ద చప్పుడు వినబడింది. చెట్లు విరుగుతున్న చప్పుడు, బండలు దొర్లుతున్న చప్పుడు.

మద్ది గట్టు మీద నిలబడి ప్రాణమంతా పెట్టి ఈల వేశాడు. వాగు అంచున ఆడుకుంటున్న బలుసు, రేలు గట్టెక్కేశారు. పరికి లేచి నిలబడింది. నాన్న వైపు చూసింది. నోరు తెరిచి, పళ్ళు బయటపెట్టి అరుస్తున్నాడు నాన్న. కాళ్ళ మధ్య తోక పెట్టి వెనక్కి తగ్గింది.

మద్ది వాగులోకి దూకి దాని వైపు పరుగెత్తాడు. తరుముతున్నాడనుకుని అది మేట అవతలి చివరికి పారిపోయింది.

"పరుగెత్తకురా మూర్ఖుడా!" అని అరిచింది బూరుగత్త, గట్టు మీదికి కుంటుకుంటూ వస్తూ. "ఆగు! ఆగి మెత్తగా పిలువు!"

మద్ది ఆగిపోయాడు. ఇసుకలో కూలబడ్డాడు.

"రా తల్లీ! రా బంగారూ! వరద వస్తోంది!" అన్నాడు.

"వస్తే కరుస్తావు నాన్నా" అంది పరికి.

"కరవనమ్మా! ఒట్టు! నీ మీద ఒట్టు!"

"మొన్న కూడా బంగారూ అనే పిలిచావు కదా, నాన్నా."

మద్ది తల ఇసుకకు ఆనించేశాడు. 

అప్పుడు బూరుగత్త ఈల వేసింది. పొద చాటున దాక్కుని వేసే ఆ పాత ఆట ఈల. పరికి చెవులు లేచాయి. తోక ఊగింది. అత్త వైపు తిరిగి పరుగు మొదలుపెట్టింది. భలే పరుగది! ఇసుక ఎగిరిపోతోంది. ఇంకొంచెం ముందు మొదలుపెట్టి ఉంటే గట్టు అందేదే.

ఎర్రనీళ్ళు మలుపు తిరిగి వచ్చేశాయి. మేట కనబడలేదు. పరికీ కనబడలేదు. మద్దిని మాత్రం నీళ్ళు గట్టుకేసి విసిరికొట్టి, ప్రాణంతో వదిలేశాయి. వదలకపోతేనే బాగుండేదని తర్వాత వాడే చాలాసార్లు అన్నాడు.

వరద తగ్గాక గుంపంతా వాగు వెంట వెతికింది. ఈలలు వేస్తూ కింది కొండ దాకా పోయింది. ఏమీ దొరకలేదు.  

కొన్నాళ్ళకు మద్ది మంచి కార్జం తెచ్చాడు. పిల్లల ముందు పెట్టి, తాను దూరంగా కూర్చుని, మెల్లగా ఈల వేశాడు. బలుసు, రేలు ఈల ఆగకముందే వచ్చేశారు. వచ్చి, ముక్క వైపు చూడకుండా నాన్న కాళ్ళ ముందు బోర్లా పడుకుని, మెడలు చాపారు.

"త్వరగానే వచ్చాం కదా నాన్నా" అన్నాడు బలుసు, కళ్ళు గట్టిగా మూసుకుని. "కొంచెం మెల్లగా కరువు. రేలు చిన్నది."

మద్ది లేచి, ఆ రెండు మెడల మీదా నాకాడు. నాలుక తగిలినప్పుడల్లా పిల్లలు వణికారు. తర్వాత ఆకలికి ఆగలేక కార్జం తిన్నారు. కానీ తింటున్నంతసేపూ ఇద్దరూ నాన్న పళ్ళనే చూస్తూ ఉన్నారు.

నీతి: పిలిచినప్పుడు వచ్చిన బిడ్డను ఎంత ఆలస్యంగా వచ్చినా దండించకు, ప్రేమగా పిలిచి మోసం అసలే చెయ్యకు. కొట్టి భయం నేర్పడం ఒక్క పూట పని, పోయిన నమ్మకం అవసరానికి తిరిగి రాదు.